పేరు లేని బటన్

ఏ తలుపుకూ గొళ్లెం లేని రోజులవి. ఫోన్‌లో పేజీ తెరిచి బటన్ నొక్కితేనే తెరుచుకునేవి.

లంబసింగి లాడ్జి వరండాలో చూపులేని అప్పలస్వామి గంట నుంచి చలికి వణుకుతున్నాడు. తెర మీదున్నది పైకి చదివి వినిపించే అతని ఫోన్ "బటన్, బటన్" అనడమే తప్ప ఏది దేనికో చెప్పడం లేదు.

ఊళ్లు తిరుగుతూ వెబ్ పేజీలు తయారుచేసే చంద్రకళ అప్పుడే అక్కడ దిగింది. అతని ఫోన్ అందుకుని తలుపు తీసింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"బటన్‌కి పేరు పెట్టాలన్నది మొదటి నియమం. ఏ వెధవ చేశాడో!" అంటూ పేజీ వెనకున్న కోడ్ తెరిచింది.

అందులో పాత గమనిక ఉంది: 'రైలుకు టైమైంది. తిరిగొచ్చాక బటన్లకు పేర్లు పెడతాను. చంద్రకళ.'

"ఆడు దొరికాడేటమ్మా? నా వొంతు కూడా తిట్టు," అన్నాడు అప్పలస్వామి.

"దొరికింది బాబాయ్," అంది నాలుక కరుచుకుని. "మీ ఎదురుగానే ఉంది. మీరే తిట్టండి."