రెండో వైరు

“గోడకి కన్నం పెడితే ఊరుకోను,” అంది ముసలావిడ.

మెకానిక్ డ్రిల్లు కింద పెట్టాడు. “మరి డిష్ వైరు లోపలికి ఎలా రావాలమ్మా?”

“ఉన్న వైరులోంచే రానీ.”

“అందులో ఇంటర్నెట్ వస్తోంది. డిష్ బాక్సేమో వైరులోకి కరెంటు పంపిస్తుంది. అది తగిలిందంటే మీ మోడెమ్ మాడిపోతుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవమ్మా.”

“ఇమిడేలా చెయ్యి. నీ పనేగా అది!”

హాలు మూలన, పైకప్పు దగ్గర బిగించిన కెమెరా గరగరలాడింది. అందులోంచి ఆమె కొడుకు గొంతు వచ్చింది. గేటు దగ్గరొకటి, పెరటి వైపొకటి, హాల్లో ఒకటి కెమెరాలు పెట్టి, ఆఫీసులో కూర్చుని ఇల్లంతా ఫోన్లో చూస్తుంటాడు.

“కన్నం పెట్టనివ్వమ్మా. ఏంటి గొడవ?”

“కొత్తగా రంగులేసిన గోడరా! రోజంతా దీనికి కాపలా కూర్చోమన్నావు. కాలక్షేపానికి టీవీ అడిగాను. ఇల్లు పగలగొట్టమన్నానా?”

ముసలావిడ గడ్డంతో చూపిన వైపు మెకానిక్ చూశాడు. వంటగది గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. ఆమె ఎడమచెయ్యి గుడ్డకట్టులో మెడకు వేలాడుతోంది.

“చేతికేమైందమ్మా?” అనేశాడు ఉండబట్టలేక.

కోడలు కెమెరా వైపు చూసి తల దించుకుంది. అత్తే జవాబిచ్చింది.

“సంచి పట్టుకుని గేటు దాటింది. మావాడు ఫోన్లో చూసి, బస్సెక్కేలోపే వెళ్ళి లాక్కొచ్చాడు. లాగితే చెయ్యి ఊరుకుంటుందా మరి!”

కూరలో ఉప్పు తగ్గిందన్నంత తేలిగ్గా చెప్పింది. మెకానిక్‌కి అక్కడ నిలబడబుద్ధి కాలేదు. త్వరగా పని ముగించుకుని పోదామనిపించింది.

“ఒక దారుంది. పాత వైరు తోకకి రెండు కొత్త వైర్లు కట్టి, ఆ పైపులోంచే లాగాలి. పాతది బయటికొస్తుంటే కొత్తవి లోపలికొస్తాయి. ఒకటి నెట్‌కి, ఒకటి డిష్‌కి. కానీ అందాకా నెట్ ఉండదు.”

“ఎంతసేపు?” కెమెరా ఠక్కున అడిగింది.

“పైపు మలుపుల్ని బట్టి సార్. గంట పట్టొచ్చు.”

కెమెరా మళ్ళీ గరగరలాడింది.

“అమ్మా, అది నీ కళ్ళముందు నుంచి కదలకూడదు. మళ్ళీ గడప దాటిందంటే, ఈసారి చేత్తో పోదు.”

“నేనున్నాగా. నువ్వు పని చూసుకో.”

మెకానిక్ వైరు ఊడదీశాడు. కెమెరా మీది పచ్చదీపం ఆరిపోయింది.

ముసలావిడ లేచి కోడలి కుడి మణికట్టు పట్టుకుంది. “నడువ్ లోపలికి.”

“అత్తయ్యా, నేనేం చేశాను?”

“నోర్మూసుకుని నడువ్.”

వెనకగది తలుపు మూసుకుంది. మెకానిక్ ఇంటి ముందు గోడకు నిచ్చెన వేసుకుని పైపు విప్పుతుంటే లోపల్నుంచి అణిచిపెట్టిన ఏడుపు వినిపించింది. ఒకరిదో ఇద్దరిదో తెలియలేదు. ఏదో బరువైనది జరిపిన చప్పుడయింది. ఆ తర్వాత ఏ అలికిడీ లేదు.

అతను హాల్లోకి వచ్చేసరికి ముసలావిడ ఒక్కతే కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటోంది. చాలాసేపు కడుక్కుంది. తర్వాత కుర్చీ లాక్కుని వెనకగది తలుపుకి అడ్డంగా కూర్చుంది.

“కోడలుగారేరీ?”

“పడుకుంది.”

“ఇందాకేగా…”

“నువ్వు వైర్లు లాగడానికొచ్చావా, హాజరు వేయడానికొచ్చావా?”

ఫోన్ మోగింది. చెవి సరిగ్గా వినబడక ఆమె స్పీకర్ పెట్టింది.

“అదెక్కడుంది?”

“వెనకగదిలో. తలుపుకి అడ్డంగా నేనే కూర్చున్నాను.”

“ఓసారి దానికియ్యి.”

“దానికి ఫోనివ్వొద్దన్నది నువ్వే కదరా!”

కొడుకు నవ్వాడు. “నీలాంటి అమ్మ ఉంటే కెమెరాలెందుకు!”

ఆమె నవ్వలేదు.

వైరు మలుపులో ఇరుక్కుంది. “గట్టిగా లాగితే తెగుతుందేమో,” అన్నాడు మెకానిక్.

“తొందరేం లేదు. నెమ్మదిగానే లాగు.”

ఇంటింటికీ తిరిగేవాడికి కళ్ళూ చెవులూ ఉండకూడదని అతనికి పని నేర్పిన మేస్త్రీ అనేవాడు. కానీ ఆ మూసిన తలుపు వెనక ఒక దగ్గు లేదు, ఒక గాజు చప్పుడు లేదు. ఒక్క చేత్తో ఆ పిల్ల ఎంతని పెనుగులాడగలదు? రెండు వైర్లూ చేతికొచ్చాక అతను వాటిని బిగించకుండా లేచి నిలబడ్డాడు.

“అమ్మా, ఆ తలుపోసారి తియ్యండి. తీస్తేనే వైరు కలుపుతాను.”

ముసలావిడ అతన్ని ఎగాదిగా చూసింది. “కలపకుండా ఎంతసేపుంటావు?”

“మీరు తీసేదాకా.”

“అయితే కూర్చో. టీ పెడతాను.”

నిజంగానే పెట్టింది. తీరుబడిగా వడకట్టి గ్లాసు చేతికిచ్చి, మళ్ళీ వెళ్ళి తలుపుకి అడ్డంగా కూర్చుంది. అతను టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు.

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి కొడుకు అరుస్తున్నాడు. “ఏం చేస్తున్నాడమ్మా వాడు? ఇంకో ఐదు నిమిషాల్లో నెట్ రాకపోతే నేనే బయల్దేరి వస్తాను!”

ముసలావిడ గోడ గడియారం వైపు చూసింది. పెదవులు కదిలాయి, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు.

“ఇక కలిపెయ్ బాబూ,” అంది.

పోనీ, కెమెరా వస్తే కన్నకొడుకైనా ఆ తలుపు తీయిస్తాడనుకున్నాడు మెకానిక్. వైరు బిగించాడు. పచ్చదీపం వెలిగింది.

“ఆఁ, కనబడుతున్నావమ్మా,” అంది కెమెరా. “తలుపు తీసి దాన్ని నా ముందుకు రమ్మను.”

ముసలావిడ కుర్చీలోంచి లేచింది. కొంగు నిండుగా కప్పుకుని, తలెత్తి కెమెరా కళ్ళలోకి చూసింది.

“వెనకదారిన నేనే పంపించేశాను నాయనా.”