కాపలా గొంతు

రుణవిముక్తి పథకంలో చేరినవాళ్ల ఇంటి గోడకు, దుబారా చేయబోతే వద్దని చెప్పే కాపలా గొంతు యంత్రం బిగించడం అప్పటికి మామూలైపోయింది. పరాయివాడు చెబితే ఎవరూ వినరని, అప్పు చేసినవాడి గొంతే, వాడి బుద్ధే దానికి పెట్టేవారు.

ఏలూరులో నాగేంద్రం ఇంట్లో అది మొదటి వారం గట్టిగానే ఉంది. రెండో వారం అతను ఫోన్లో ఒళ్లు పట్టే కుర్చీ చూస్తుంటే, "తీసుకో గురూ, నడుం నొప్పుందిగా. వచ్చే నెల సర్దుకుందాం," అంది.

నాగేంద్రానికి చిర్రెత్తుకొచ్చింది. "ఈ మాట ఎన్నిసార్లన్నావు? సిగ్గు లేదూ?"

"ఈ ఒక్కసారికే. ఒట్టు."

"నీ ఒట్లు నాకు తెలీవా? కొంప ముంచింది నువ్వు కాదూ?"

పొయ్యి దగ్గర భార్య హైమావతి గరిటె ఆపి వింటోంది. ఏళ్ల తరబడి ఆమె అన్న మాటలే అవి, ఒక్కటీ పొల్లుపోలేదు. ఇలాంటివాడితో ఈవిడ ఇన్నాళ్లు ఎలా కాపురం చేసిందా అని నాగేంద్రానికి మొదటిసారి అనుమానం వచ్చింది. కుర్చీ కొనలేదు.

నెలాఖరుకు పథకం మనిషి వచ్చి, గొంతు పాడైనట్టుంది, మార్చేస్తానన్నాడు.

"ఉండనీ బాబూ," అంది హైమావతి. "దానికి కాపలా కాస్తూనే ఈయన బాగుపడుతున్నారు."