ఎర్రచుక్క

చుక్క పెట్టిన సంగతి గుర్తుంది. టిక్కు మాత్రం గుర్తులేదు.

ఇంజిన్ బిగించేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. బోల్టు తిప్పుతూ పోతే తగినంత బిగుసుకున్నాక పానా 'టిక్కు'మంటుంది. అప్పుడు బోల్టు తల మీద ఎర్రరంగుతో చిన్న చుక్క పెడతారు. చుక్క ఉందంటే బిగించినట్టే. ఆ తర్వాత ఇక ఎవరూ దాని జోలికి పోరు.

చలికాలంలో ఒక ఇంజిన్ బిగిస్తుండగా అతనికి ఫోన్ వచ్చింది. ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్న కబురు. పానా పక్కన పెట్టి బయటికి వెళ్ళి మాట్లాడాడు. తిరిగొచ్చి, ఆ సంతోషంలోనే కుంచె తీసుకుని చుక్క పెట్టాడు. ముందు బిగించాడా? ఎంత ఆలోచించినా ఆ చప్పుడు చెవికి తిరిగి రావడం లేదు.

ఆదివారం జరిగే పెద్ద పందేనికి ఒక కారులో పెట్టింది ఆ ఇంజినే. ఏ కారుకి ఏ నంబరు ఇంజినో నిర్వాహకులు ముందే ప్రకటించి, ఎవరూ విప్పకుండా సీలు వేస్తారు. ఆ నంబరు చూసినప్పట్నుంచి అతనికి అన్నం సయించలేదు.

"చెప్పెయ్యండి," అంది భార్య, పళ్ళెంలో కెలికి వదిలేసిన అన్నం చూస్తూ.

"చెబితే సీలు పగలగొట్టాలి. పగలగొడితే కారుని వరసలో అందరికన్నా వెనక నిలబెడతారు. ఇంకేం గెలుస్తుంది? మనసులో ఏదో పెట్టుకుని చెప్తున్నాననుకుంటారు. నా ఉద్యోగం కూడా పోతుంది."

"పోతే ఇంకోటి చూసుకుందురుగాని. ఆ తోలేవాడూ ఒక తల్లి కన్నబిడ్డేగా."

ఆ మాట అతని గుండెల్లో ములుకులా దిగబడింది.

పందెం రోజు పొద్దున్నే స్నానం చేసి, దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నాడు. తరువాత పెరట్లోకి వెళ్ళి, పందెం జరిగే సర్క్యూట్‌లో ఉన్న పెద్ద ఇంజనీరుకి ఫోన్ చేశాడు.

"ఏరా, ఎలా ఉన్నావ్? ఇంట్లో అందరూ కులాసానా?" అవతల గొంతులో ఎప్పటి ఆప్యాయతే.

"కులాసాయే సార్. మీరు... మీ కారు బాగా పోవాలని దణ్ణం పెట్టుకున్నాను సార్."

ఇంజనీరు పడీపడీ నవ్వాడు. "నీ నోటివెంట ఈ మాట వినడం బాగుందిరా. ఇంకేంటి చెప్పు?"

చెప్పాల్సిందల్లా గొంతు దాకా వచ్చింది. "ఇంజిన్ జాగ్రత్త సార్," అన్నాడు.

"మాకు తెలీదట్రా!" ఇంజనీరు మళ్ళీ నవ్వి పెట్టేశాడు.

అతను ఫోన్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. భార్య గుమ్మంలోంచి ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా లోపలికి వెళ్ళిపోయింది. అడిగినా బాగుండేది.

మధ్యాహ్నానికి కంపెనీ క్యాంటీన్లో టీవీ ముందు అందరూ చేరారు. ఆడవాళ్ళు, పిల్లలు కూడా వచ్చారు. రావాల్సిన పందెమే అది. పందెం కార్ల ఇంజిన్లు చేసే కంపెనీలు రెండే. ఇవాళ ఎవరి ఇంజిన్ గెలిస్తే పెద్ద జట్లన్నీ వచ్చే ఏడు వాళ్ళ దగ్గరే కొంటాయి. ఓడినవాళ్ళు షెడ్డుకి తాళం వేసుకోవాల్సిందే.

"రా స్వామీ, రా," అని ముందు వరసలో చోటిచ్చాడు ఫోర్‌మన్. బిగించిన ప్రతి ఇంజిన్‌కీ దణ్ణం పెడతాడని, ఇక్కడికొచ్చిన వారంలోనే అతనికి ఆ పేరు పెట్టారు. "ఇంతకీ మీ దేవుడు మన పార్టీయేనా?"

"ఆయనకి పార్టీలేంటి బాబాయ్."

"ఉండాలయ్యా. తాళం పడితే మన పొయ్యిల మీదకి ఎసరు పెట్టడానికి ఆయన రాడుగా."

అందరూ నవ్వారు. అతనూ నవ్వబోయాడు. పెదవులు కదిలాయి గాని నవ్వు రాలేదు.

పందెం మొదలైంది. రెండు కంపెనీల కార్లూ అందరినీ దాటేసి, ఒకదాన్నొకటి అంటుకున్నట్టు పరుగెడుతున్నాయి. ఒక మలుపులో ఇది ముందు, ఇంకో మలుపులో అది. క్యాంటీన్లో కుర్చీల మీద కూర్చున్నవాళ్ళు తక్కువ.

అతని కళ్ళు ఒక్క కారునే పట్టుకుని తిరుగుతున్నాయి. దేవుణ్ణి గెలుపు అడగలేదు. అంతమంది పొయ్యిల సంగతి అడగాల్సింది, అడగలేదు. 'ఎవరైనా గెలవనీ స్వామీ, ఆ ఒక్క బోల్టూ నిలబెట్టు. ఆ పిల్లవాణ్ణి ఇంటికి పంపించు.' ఇలాంటి మొక్కులు ఆయన వింటాడా? పానా తిప్పాల్సిన చేతులు తనవైతే ఆయన్ని కాపలా పెట్టడమేం న్యాయం?

"నీ మొహం చూస్తుంటే ఇంజిన్ నీ కడుపులోనే తిరుగుతున్నట్టుంది," అన్నాడు ఫోర్‌మన్. "ఎవరైనా స్వామికి మంచినీళ్ళు ఇవ్వండర్రా."

గ్లాసు అందుకున్నాడు. నోటి దాకా తీసుకెళ్ళలేదు.

ఆఖరి చుట్టులో, అతను చూస్తున్న కారు వెనక సన్నగా తెల్లటి పొగ లేచింది. చూస్తుండగానే నల్లబడింది. నూనె రోడ్డంతా చిమ్మింది. కారు గిర్రున తిరిగి, గడ్డిలోకి దూసుకుపోయి, టైర్ల గోడకి గుద్దుకుని ఆగిపోయింది.

క్యాంటీన్లో అందరూ టీవీ దగ్గరికి జరిగారు.

కాసేపటికి పొగలోంచి ఒక చెయ్యి కనిపించింది. డ్రైవర్ బయటికొచ్చాడు. కుంటుతూనే అయినా తన కాళ్ళ మీద తను నడిచి వెళ్ళాడు.

అతను రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

క్యాంటీనంతా ఒక్కసారిగా లేచి, స్వామి మొన్నమొన్నటిదాకా పనిచేసి వదిలొచ్చిన ఆ కంపెనీ కథ నేటితో ముగిసిందని చప్పట్లు కొట్టింది.