చల్లారని డబ్బా

భోజనం డబ్బా మూత తీసి కూరలో వేలు పెట్టి చూశాడు. చల్లగా ఉంది. గడియారాలు బాగుచేసే బల్ల మీదే పనిముట్లు పక్కకు నెట్టి ఆ భోజనం ముగించాడు. సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే భార్య ఎదురొచ్చింది.

“ఈ రోజెలా ఉంది?”

“నోరు కాలిందనుకో” అన్నాడు.

తప్పు చెప్పే గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకునే పట్టేస్తాడని పేరున్న మనిషి, కొన్ని వారాలుగా ఇంట్లో నిక్షేపంగా అబద్ధాలాడుతున్నాడు.

ఏం చేస్తాడు మరి? ఆవిడ పరిశోధనశాలలో ఏళ్ళ తరబడి ఒక మైనంతో కుస్తీ పడుతోంది. వేడి తగిలితే అది కరిగి ఆ వేడిని కడుపులో దాచుకుంటుంది, తిరిగి గడ్డకడుతూ మెల్లగా వదులుతుంది. డబ్బాకు రెండు గోడలు పెట్టి మధ్యలో ఆ మైనం పోస్తే, పొద్దున సర్దిన భోజనం మధ్యాహ్నానికి కూడా చల్లారదట. యంత్రాల పరీక్షలయ్యాయి, ఇక తినేవాళ్ళ మాట కావాలంటూ తెలిసిన ఇళ్ళకు తలా ఒక డబ్బా పంచింది. అన్నీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, అడుగున అంకె తప్ప వేరే గుర్తు లేదు. అందులో ఒకటి మొగుడికీ దక్కింది. ఆ ఇళ్ళవాళ్ళు చెప్పినదాన్ని బట్టే పైవాళ్ళు ఈ పని సాగనివ్వాలో మూసెయ్యాలో తేలుస్తారు. కట్టుకున్నవాడే పెదవి విరిస్తే ఇంకెవరు మెచ్చుకుంటారని అతని బాధ.

అయితే రానురాను ఆవిడ ముఖం వాడిపోసాగింది. కాగితాలు ముందేసుకుని, ఎంత చూసినా లెక్క కుదరడం లేదని నిట్టూర్చేది. మిగతావాళ్ళు బాగాలేదన్నారు కాబోలనుకుని అతను తన పొగడ్తకు మరికాస్త ఉప్పూకారం జోడించాడు. ఊదుకుని ఊదుకుని తిన్నానన్నాడు. ఆవిడ ఇంకా కుంగిపోయింది.

పైవాళ్ళ సమావేశం రేపనగా, గిన్నెలు కడుగుతూ నెమ్మదిగా అంది. “ఈ మైనం వల్ల ఏ తేడా లేదని రేపు ఒప్పేసుకుంటానండీ.”

అతని ప్రాణం ఉసూరుమంది. అంతమంది ముందు ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పబోతుంటే, తను కట్టుకున్నదాని ముందు ఇంకా బొంకుతున్నాడు. సిగ్గేసింది.

“తిట్టినా పడతాను గాని ఒక మాట విను. నా డబ్బా ఒక్కపూట కూడా వేడిగా లేదు. నిన్ను కష్టపెట్టలేక అలా చెప్పాను.”

ఆవిడ చేతిలో గిన్నె జారింది. తడిచేతులతోనే అతని భుజాలు పట్టుకుని, ఒట్టేయమంది. వేశాడు. ఏడుస్తుందని భయపడ్డాడు. ఆవిడ నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది, ఇలాంటి మంచి మొగుడు పగవాళ్ళకి కూడా వద్దంటూ నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది. ఈ సంబరమేమిటో అంతుపట్టక అతను బిక్కమొహం వేశాడు.

“మిగతా ఇళ్ళలో నోళ్ళు నిజంగానే కాలాయండీ” అంది.

“మరి నాదెందుకు చల్లారింది?”

“తేడా తెలియడానికని మైనం పొయ్యని డబ్బా మీదొక్కటే.”