ఏడుపు ఇంకోసారి

“ఏడుపు బాగుందమ్మా. కాకపోతే కాస్త ముందొచ్చేసింది. ‘బడి’ అన్నాక రావాలి. ఇంకోసారి చదవండి,” అన్నాడు రక్షణశాఖ కార్యదర్శి, బిస్కెట్టు టీలో ముంచుకుంటూ.

న్యూస్‌రీడర్‌కు ఒళ్లు మండిపోయింది. అది నటన కాదు. పొరుగుదేశం కూల్చేసిందంటున్న ఆ సరిహద్దు ఊరి బడిలోనే ఆమె చెల్లెలు టీచరుగా పనిచేస్తోంది.

“సార్, టీచర్లలో ఎవరైనా బతికారా? ఒక్క ఫోన్ చేసుకోనివ్వండి. నా చెల్లెలు అక్కడే ఉంది.”

“అక్కడ లైన్లన్నీ తెగిపోయాయమ్మా. మీ బాధ నాకు తెలుసు. ఆ బాధనే కెమెరాకు చూపించండి, దేశానికి పనికొస్తుంది.”

అలా అనడానికి ఆ మనిషికి నోరెలా వచ్చిందో! పక్క కుర్చీలో కల్నలు ఆమె చదవాల్సిన కాగితం మీద మాటలు కొట్టేస్తూ కూర్చున్నాడు.

“‘దండయాత్ర’ తీసేసి ‘ఆత్మరక్షణ’ అని పెట్టండి,” అన్నాడు. “మనమే ముందు చేయి చేసుకున్నామని తెలిస్తే మిత్రదేశాలు మొహం చాటేస్తాయి. దెబ్బ తిన్నది మనమైతేనే ఒప్పందం ప్రకారం సైన్యాన్ని పంపిస్తాయి.”

“పోయినవాళ్లు ఎంతమందని రాద్దాం?” అడిగాడు కార్యదర్శి.

“ఎంతోమంది అనండి చాలు. అంకె చెబితే తర్వాత ఇరుక్కుంటాం.”

చచ్చిన పిల్లల గురించి కూరగాయలు బేరమాడినట్టు మాట్లాడుకుంటున్నారు. అయినా ఆమె గుక్క తిప్పుకుని మొదలుపెట్టింది.

“కొద్దిసేపటి క్రితం, పిల్లలు పాఠాలు వింటున్న వేళ, పొరుగుదేశం సేనలు మన సరిహద్దు ఊరి మీద ఫిరంగి గుండ్ల వర్షం కురిపించాయి. బడి...”

చిన్నప్పుడు చెల్లెలికి తను వేసిన జడలు గుర్తొచ్చాయి. కన్నీళ్లు సరిగ్గా వాళ్లు కోరిన చోటే కారాయి.

“అద్భుతం!” కార్యదర్శి చప్పట్లు కొట్టాడు. “ఇది చూశాక యుద్ధం వద్దనే వెధవ ఒక్కడుండడు.”

రికార్డయింది చూసుకోవడానికి ఇద్దరూ పక్కగదిలోకి వెళ్లారు. ఆమె ఒక్క ఉదుటున గుమ్మం దగ్గరికి పరిగెత్తి, అందరి చేతా ఫోన్లు పెట్టించిన బుట్టలోంచి తనది లాక్కుంది. లైన్లు తెగిన ఊళ్లో ఫోన్ చక్కగా మోగింది.

“ఏంటక్కా, ఈ వేళప్పుడు చేశావ్?” చెల్లెలి గొంతు. వెనకాల పిల్లల గోల.

ఆమె గోడకు చేరగిలబడిపోయింది. “బతికే ఉన్నావా తల్లీ! బడి కూలిపోయిందన్నారే!”

“ఎవరక్కా ఆ మాటన్నది? ఇక్కడ ఒక్క తుపాకీ కూడా పేలలేదు.”

అంటే అంతా కట్టుకథ! తన కన్నీళ్లు పులిమి ఆ అబద్ధాన్ని దేశానికి అమ్ముకోబోతున్నారు. వాళ్ల మొహాన ఉమ్మేయాలనిపించింది. పోనీలే, చెల్లెలు క్షేమం. ఆ దరిద్రపు పని ఆపడం ఎలాగో తర్వాత చూసుకోవచ్చు.

“ఏం లేదులే, ఇక్కడ కొందరు వెధవలు నోటికొచ్చింది కూశారు. నువ్వు మాత్రం జాగ్రత్త.”

“మాకేం భయమక్కా? మన సైన్యం వాళ్లే ఇందాక దిగారు. ఎదురుగా గుట్ట మీద ఫిరంగులు కూడా పెట్టారు. పిల్లలు కిటికీల దగ్గరికి చేరి ఒకటే చేతులూపుతున్నారు,” అని నవ్వింది చెల్లెలు.

“ఎందుకో మరి, ఫిరంగుల మూతులన్నీ మా బడివైపే తిప్పారు.”