దెబ్బకి రెండు గీతలు

బ్రూక్షాబాద్‌లో ఆ రాత్రి మల్లేశు పెరట్లో కూర్చుని సురమయి చేపలు నరుకుతున్నాడు. లోపల కూతురు వాసవి ఆ కత్తి చప్పుడుని మైకుతో పట్టి ల్యాప్‌టాప్‌లో గ్రాఫ్ గీయిస్తోంది. ఇంజనీరింగ్ రెండో ఏడు మరి, దెబ్బకి ఒక్క గీత వచ్చే గ్రాఫ్ తెమ్మన్నాడు సార్. మార్కుల కోసం పిల్లలు దెబ్బలు తినడం పాత కథ. ఇక్కడ చేప తింటోంది.

దెబ్బ పడ్డప్పుడల్లా తెర మీద ఒక గీత నిటారుగా లేవాలి. రెండు లేస్తున్నాయి. ఒకటి పొడుగు, దాని వెనకే ఒక పొట్టి.

“నా రాతెలాగూ ఇంతే, గీతైనా బాగుంటుందనుకున్నా!” అని ఫోన్‌లో స్నేహితురాలు చాందినితో మొత్తుకుంది.

“గోడకి తగిలి తిరిగొస్తోంది యార్, ఎకో! టెన్షన్ మత్ లే.”

వాసవి నవ్వి ఫోన్ పెట్టేసింది. కానీ పొట్టి గీత దెబ్బ దెబ్బకీ పొడుగవుతోంది, మొదటిదానికి దగ్గరగా జరుగుతోంది. గోడైతే ఉన్నచోటే ఉంటుంది. ఇదెవరో నడిచి వస్తున్నట్టుంది.

“నాన్నా! జరా రుకో, కొట్టకు!”

“ఏటమ్మా నీ గోల? ఇదిగో, ఆపీసినాను.”

కత్తి ఆగింది. అయినా తెర మీద గీత లేచింది. మళ్లీ లేచింది. ఈసారి చెవికీ వినిపించింది, ఇంకో కత్తి తడి చెక్కలో దిగినట్టు.

“ఎవుడ్రా అది?” అన్నాడు మల్లేశు.

మూడో గీత తెర పైఅంచు దాటిపోయింది. పెరట్లో ఏదో బరువుగా కూలింది.

“నాన్నా?”

వాసవి గొంతుకి చిన్న గీత లేచింది.

కాసేపటికి ఆ రెండో కత్తి నరకడం మళ్లీ మొదలుపెట్టింది. దెబ్బకి ఒక్కటే గీత, సార్ అడిగినట్టే, శుభ్రంగా.