మోకాలెత్తు వెంపలి

"రోశమ్మక్కా, ఇంక చాలు. చేతులు చూసుకో, నెత్తురు కారతాంది."

రోశమ్మ వినలేదు. పంగలకర్రతో జెముడు మట్టను అదిమిపట్టి కొడవలితో నరికింది. రాచర్ల నుంచి గిద్దలూరు పోయే జిల్లా బోర్డు రోడ్డు మలుపులో నాగజెముడు మనిషెత్తు పెరిగి సగం దారిని మింగేసింది. ఎల్లుండి సంత. ఆలోగా మలుపు ఖాళీ కావాలి.

గడిచిన నెలలో మూడుసార్లు, ఆ పొద చాటు నుంచి గొంగడి ముసుగు మనిషి ఒకడు వచ్చి సంతకు పోయే ఆడవాళ్లను దోచుకున్నాడు. కొట్టడు, తిట్టడు. చెయ్యి చాపుతాడు, అంతే. గాజులమ్ముకునే బాషాబీ చెవి కమ్మలు తీసి ఇచ్చేసి, మూడు రోజులు జ్వరంతో పడుకుంది. ఇప్పుడు రోశమ్మ పక్కన నిలబడి కంప లాగుతూ, ఇంక చాలన్నది ఆమే.

రోడ్డు మేస్త్రీ నరసింహులు గొడుగు ఊపుకుంటూ వచ్చాడు.

"ఎవరు నరకమన్నారమ్మా? సంతనాడు కర్నూలు నుంచి పోలీసులొచ్చి మాటు వేస్తారంట. పొద ఉంటేనే గదా దొంగ దొరికేది!"

"వీడు దొరికితే ఇంకోడొస్తాడు మామా. పొద ఉన్నన్నాళ్లు దొంగలకేం కరువు?"

"నరికితే మాత్రం? ముక్క పడిన చోటల్లా వేరు పడే జాతి అది. మళ్లీ లేస్తాది."

"లేవదు. వెంపలి చల్లుతా." కొంగుముడి విప్పి గింజలు చూపించింది. "మన బీళ్లల్లో చూడు. వెంపలి కమ్ముకున్న చోట జెముడుకు చోటు దొరకదు. పైగా మోకాలెత్తు దాటదు. దాని చాటున కోడిపెట్ట కూడా దాక్కోలేదు."

బాషాబీ నవ్వింది. "నీ చెవులకుండేది తాటాకు కమ్మలే గదక్కా! వాడొచ్చినా నిన్ను చూసి వాడే నాలుగు కాసులిచ్చి పోతాడు. నీకేంది ఇంత ఆత్రం?"

మేస్త్రీ కూడా నవ్వాడు. రోశమ్మ నవ్వలేదు. ఇంకో మట్ట నరికింది.

సాయంత్రం మొగుడు మాల్యాద్రి తల ఎత్తకుండా అడిగాడు. "సర్కారు రోడ్డు నీకెందుకే?"

రెండేళ్లు వానల్లేక చేను బీడు పడ్డాక అతనికి మాటలు తగ్గిపోయాయి.

"నేను సంతకు పోవద్దా? రేపు నువ్వూ రా. మోపులు మోసేదానికి మగమనిషి కావాల."

"నేనెందుకు?"

"రమ్మంటే రా."

అతను సంగటి సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు వచ్చాడు. తలగుడ్డ కళ్ల మీదికి లాక్కుని పంగలకర్రలతో మోపులు మోసి కుప్ప వేశాడు. పచ్చి జెముడు ఓ పట్టాన అంటుకోలేదు. రోశమ్మ ఎండుకంప పైన వేస్తూ, పొగలో దగ్గుతూ, మాటిమాటికీ పొద్దు వైపు చూసింది. చీకటి పడేలోపు మలుపు బోడి అయింది. అప్పుడు గింజలు చల్లింది.

సంతనాడు పోలీసులు వచ్చారు. మాటు వేయడానికి చెట్టయినా లేని మలుపును చూసి, మేస్త్రీని నాలుగు తిట్లు తిట్టి వెళ్లిపోయారు.

ఈ ఏడు తొలకరి తప్పలేదు, వెంపలి మొలిచింది. అయినా రోశమ్మకు నిలకడ లేదు. తెల్లారితే మలుపు దగ్గరే. మేయవచ్చిన మేకలను అవతలికి తోలేది. ఎక్కడ జెముడు పిలక కనిపించినా గునపంతో పెళ్లగించేది. "కన్నబిడ్డలనైనా ఇట్ల కాపాడతారో లేదో" అని దారినపోయేవాళ్లు ఎకసక్కెం ఆడారు.

కార్తీకానికి మలుపంతా మోకాలెత్తు పచ్చదనం, పైన ఊదారంగు పూలు. ఆడవాళ్లు ఒంటరిగా సంతకు పోయి వస్తున్నారు. దోపిడీ మాటే లేదు.

ఒకపొద్దున సద్ది ముంత పట్టుకుని చేనికి పోతున్న రోశమ్మను మేస్త్రీ ఆపాడు.

"నువ్వే గెలిచినావమ్మా. జెముడు మళ్లీ లేవలేదు. ఆ దొంగనాయాలే, పట్టుబడకుండా ఏ దేశం పోయినాడో!"

గట్టవతల తమ చేలో అరక తోలుతున్న ఆ దొంగకు ఎండ ముదరకముందే సద్ది అందించాలని రోశమ్మ గబగబా నడిచింది.